అత్తయ్య క్యాన్సిల్ నొక్కింది

మా ఆఫీసులో నా పనిని ఎవరూ పనిగా లెక్క వేయరు. నేను వేసుకుంటాను కాబట్టి నష్టం లేదు.

మేము తయారు చేసేది కుట్టు దుకాణాల వాళ్ళకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్. కంప్యూటర్లో ఒక పువ్వు గీస్తే, దాన్ని గుడ్డ మీద కుట్టడానికి సూది ఎక్కడ దిగాలో, ఏ రంగు దారం ఎప్పుడు అందుకోవాలో ఎంబ్రాయిడరీ మెషీన్‌కి చెప్పి పెడుతుంది. అది రాసే మహానుభావులకి కిటికీ పక్క సీట్లు. నాది ప్రింటర్ పక్క సీటు. వాళ్ళు రాసి పారేసిన నానా రకాల ఫైళ్ళనీ ఒక్క మూటగా కట్టడం నా పని. కొన్నవాళ్ళు ఆ మూట మీద క్లిక్ చేస్తే, అది తనంతట తానే విప్పుకుని, ఏ ఫైలు ఏ ఫోల్డర్లో ఉండాలో అక్కడ సర్ది, తెర మీద ఒక ఐకాన్ పెట్టి, మర్యాదగా తప్పుకోవాలి. దాన్ని ఇన్‌స్టాలర్ అంటారు. జనం సెటప్ అంటారు. మా యజమాని మాత్రం ఇంకోటి అంటారు.

"అంతేగా అమ్మా మీ పని? నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్" అన్నారోసారి అందరి ముందూ.

"అంతేనండీ. మీ పని కూడా సంతకం, సంతకం, టీ" అన్నాను.

ఆయన పకపకా నవ్వేశారు. మంచివారే. నోరు తెరిస్తే గడువు అన్న మాట రాకుండా మూయరు కాబట్టి మేమంతా ఆయన్ని చాటుగా గడువుగారు అంటాం.

నా గొప్పంతా ఫినిష్‌లో లేదు, క్యాన్సిల్‌లో ఉంది. సెటప్ సగంలో ఉండగా కరెంటు పోవచ్చు, పిల్లాడు ప్లగ్గు పీకేయొచ్చు, కొన్నావిడకి మనసు మారొచ్చు. అప్పుడా కంప్యూటర్ గతేమిటి? కొత్తది పూర్తిగా రాలేదు, పాతది పూర్తిగా లేదు. రెంటికీ చెడ్డ రేవడి. అలా జరగకూడదని నాకో అలవాటు. నా పనిముట్టు పాతకాలంది, బొమ్మలూ గిమ్మలూ ఉండవు, ప్రతి అడుగూ స్క్రిప్టులో చేత్తో రాయాల్సిందే. ఏ అడుగు రాయాలన్నా ముందు దాన్ని వెనక్కి తీసుకునే అడుగు రాస్తాను. ఫలానా ఫైలు మార్చు అని రాసే ముందు, మార్చక ముందున్నదాన్ని ఎక్కడ దాచాలో, మళ్ళీ ఎలా పెట్టాలో రాస్తాను. ఇంకో అలవాటు కూడా ఉంది. తీసేయాల్సి వస్తే నేను పెట్టినవే తీస్తాను. పక్కనున్నవి ఎవరివైనా సరే, ముట్టను.

ఈ అలవాట్లు నేను ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. సగం మా అత్తయ్య దగ్గర నేర్చుకున్నాను, ఆ సంగతి ఆవిడకి తెలియదు.

అత్తయ్యకి మా ఇంటి ముందు గదిలో కుట్టు దుకాణం ఉంది. ఒక గోడకంతా దారపు రీళ్ళు, ఇంకో గోడకి కుట్టిన నమూనాలు, మధ్యలో కంప్యూటర్. ఆవిడ గీసిన డిజైన్లలో పేరుమోసింది ఒక పిట్ట. మొదటిసారి గీసేటప్పుడు చెయ్యి జారి ఎడమ రెక్క కాస్త పెద్దదైపోయింది. సరిచేద్దామనుకునేలోపే నలుగురు ఖాతాదార్లు అదే కావాలన్నారు. ఇప్పుడు వీధిలో ఎవరి దిండు మీద ఎడమ రెక్క పెద్దగా ఉన్న పిట్ట కనబడినా అది అత్తయ్య పని అని చెప్పేయొచ్చు.

నేను ఆ ఇంటికి కోడలిగా రాకముందు ఆవిడ ఇంకెవరిదో సాఫ్ట్‌వేర్ వాడేది. దానికి ఒకరోజు అప్‌డేట్ వచ్చింది. నొక్కింది. డిజైన్లన్నీ హరీమన్నాయి. అప్పుడావిడ ఏం చేసిందో తెలుసా? ఇల్లిల్లూ తిరిగింది. "మీ దిండు గలీబు ఒకసారి ఇస్తారా, సాయంత్రం తెచ్చిస్తాను" అని అడిగి, తను కుట్టిచ్చినవే అరువు తెచ్చుకుని, వాటి మీద పల్చటి కాయితం పరిచి గీసుకుని, మళ్ళీ మొత్తం అప్పుడే కొత్తగా వచ్చిన మా ఆఫీసు సాఫ్ట్‌వేర్లోకి ఎక్కించింది. ఒకింట్లో ముసలాయన ఆ దిండు మీదే నిద్రపోతుంటే, లేచేదాకా వరండాలో కూర్చుందట.

అప్పటినుంచీ అత్తయ్యకి క్యాన్సిల్ పిచ్చి పట్టింది. ఏ సెటప్ వచ్చినా సగం దాకా పోనిచ్చి క్యాన్సిల్ నొక్కుతుంది. వెనక్కి సవ్యంగా వస్తేనే రెండోసారి మొదలుపెడుతుంది.

"మధ్యలో వద్దంటే ఏం చేస్తాడో చూస్తేగానీ ఎవడి బుద్ధీ తెలీదమ్మాయ్" అంటుంది. మెషీన్ అమ్మే ఏజెంట్ల గురించీ ఇదే మాట, పెళ్ళి సంబంధాల గురించీ ఇదే మాట.

ఆ రెండోదానికి నేనే సాక్షిని. నేను కాపురానికొచ్చిన రోజు మా ఆయన నా సూట్‌కేసు ఎత్తి అటక మీద పెట్టబోయాడు. అత్తయ్య ఆపింది. "పైన ఎందుకురా? మంచం కింద పెట్టు, ఆ పిల్ల చేతికందేలా" అంది. నా చేతిలో వీధి తలుపు తాళంచెవి పెట్టి, "నచ్చకపోతే నచ్చలేదని చెప్పు. వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. రావాలనిపిస్తే రా" అంది. ఇదేం అత్తరా బాబూ, వచ్చిన పూటే పొమ్మంటోంది అని బెదిరిపోయాను. ఆ ఏడాదే ఒకరోజు మా ఆయనతో దెబ్బలాడి, ఆ సూట్‌కేసు లాగి, బట్టలు కుక్కుకుని మా అక్క వాళ్ళింటికి వెళ్ళిపోయాను కూడా. సాయంత్రానికి కోపం దిగింది. తిరిగొచ్చేసరికి బల్ల మీద నా కంచం నా చోటే ఉంది. ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. సూట్‌కేసు మళ్ళీ మంచం కిందికి వెళ్ళింది. ఆ రోజు నాకు ఆవిడంటే ఎంత ప్రేమ పుట్టిందో, ఇప్పటికీ ఆవిడ మొహం మీద చెప్పలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఈమధ్య అత్తయ్య కొత్త మెషీన్ కొంది. పక్కపక్కనే బోలెడు సూదులు, ఒక్కో సూదికీ ఒక్కో రంగు దారం. అది నడవాలంటే మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కావాలి. వెర్షన్ ఇంకా బయటికి రాలేదు. మెషీన్ దుప్పటి కప్పుకుని దుకాణంలో నిలబడి ఉంది.

"కొత్తది నువ్వు కడితే వేస్తాను. ఇంకెవరు కట్టినా దుప్పటి తీయను. ఇంకోసారి దిండ్ల కోసం ఊరంతా తిరిగే ఓపిక లేదు నాకు" అని తేల్చి చెప్పింది.

"నేను కాక ఇంకెవరు కడతారు అత్తయ్యా?" అన్నాను దర్జాగా.

అన్న మర్నాడే గడువుగారు ఆ పని ఇంకొకడికి ఇచ్చారు.

ఆ ఇంకొకడు మా ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి. పనిమంతుడే, ఆ మాట ఒప్పుకోవాలి. ఏ పని అడిగినా "అయిపోయిందక్కా" అంటాడు. అందుకని మేం వాడికి పెట్టుకున్న పేరే 'అయిపోయింది'. వాడు వస్తూ వస్తూ ఒక కొత్త పనిముట్టు తెచ్చాడు. స్క్రిప్టు రాసే పనే లేదు. ఎడమవైపు నుంచి ఫైళ్ళు లాగి కుడివైపు వదలడం, రంగు ఎంచుకోవడం, లోగో పెట్టడం, ఒక పెద్ద ఆకుపచ్చ బటన్ నొక్కడం. సెటప్ తయార్.

"మీ స్క్రిప్టు మీకు తప్ప ఎవరికీ అర్థం కాదమ్మా. రేపు మీకు జ్వరమొస్తే గడువు ఎవరు చూస్తారు?" అన్నారు గడువుగారు.

ఆ మాటలో నిజముంది. నిజముండబట్టే ఇంకా ఒళ్ళు మండింది. అయినా వాడి తెర ముందు కూర్చుని, చేసినదంతా చూశాను. చూడ్డానికి నాదానికంటే చాలా బాగుంది.

"పాత వెర్షన్ ఎప్పుడు తీసేస్తుందిది?" అడిగాను.

"మొట్టమొదటే అక్కా. పాత సామాను బయటికెళ్తేనే కదా కొత్తది లోపలికొచ్చేది."

"మధ్యలో క్యాన్సిల్ కొడితే?"

"ఎవరు కొడతారక్కా? ఎవరైనా వేసుకుందామనే కదా మొదలుపెడతారు!"

"కొట్టే మనిషి మా ఇంట్లోనే ఉంది నాయనా."

"నా టెస్ట్ మెషీన్లో అన్నీ పాసయ్యాయి. అయిపోయిందక్కా."

"ఇల్లు అలకగానే పండగ కాదు" అని, లేచి నేరుగా గడువుగారి గదిలోకి వెళ్ళాను. మన మొట్టమొదటి ఖాతాదారుల్లో ఒకావిడని పిలిపించి, ఆవిడ కంప్యూటర్ నకలు మీద ఆవిడ చేతే ఈ సెటప్ నడిపిద్దాం, నెగ్గితే అందరికీ పంపించేయండి, నేను నోరెత్తను అన్నాను.

"ఎవరావిడ?"

"మా అత్తయ్య."

గడువుగారి మొహం కాస్త పాలిపోయింది. అత్తయ్య ఆయనకి ఫోన్లో బాగా పరిచయం. దారం రంగు తెరమీద ఒకలా గుడ్డమీద ఒకలా వస్తోందని ఆవిడ ఆయన్ని "చూడు బాబూ" అని మొదలుపెట్టి కడిగేసిన సందర్భాలు ఉన్నాయి. కాదంటే ఇంకా ప్రమాదమని సరేనన్నారు.

దుకాణంలో కంప్యూటర్ని ఉన్నది ఉన్నట్టు ఒక డిస్కులోకి ఎత్తి, ఆఫీసులో నా కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా తెరిచి పెట్టాను. అత్తయ్య చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంది. తెరమీద తన ఐకాన్లు, తన ఫోల్డర్లు, తను పెట్టుకున్న పిట్ట బొమ్మ చూసి ఉలిక్కిపడింది.

"ఇది నా దుకాణం కదే!"

"నకలు అత్తయ్యా. ఇక్కడ నిప్పు పెట్టినా అక్కడ పొగ రాదు."

"అయితే కానీ" అని సెటప్ నొక్కింది.

ప్రతి పేజీ చదివింది. ఒప్పందం అని ఉన్న పేజీ కూడా చదివింది. మా ఆఫీసు పుట్టాక ఆ పేజీ చదివిన మొదటి మనిషి ఆవిడే అయ్యుంటుంది. గడువుగారు గడియారం చూసుకున్నారు. చివరికి ఆకుపచ్చ గీత కదిలింది. చక్కగా, నునుపుగా, చూడముచ్చటగా సగం దాకా వచ్చింది. అత్తయ్య క్యాన్సిల్ నొక్కింది.

"అయ్యో, ఎందుకండీ?" అన్నాడు అయిపోయింది.

"ఊరికే బాబూ."

గీత ఆగింది. సెటప్ పెట్టె మూసుకుంది. తెర మీద మా సాఫ్ట్‌వేర్ ఐకాన్ లేదు. కొత్తది రాలేదు, పాతది పోయింది. ఇది నేను అనుకున్నదే కాబట్టి గడువుగారి వైపు తిరిగి, ఒక మంచి మాట విసరబోయాను. అంతలో అత్తయ్య చూపుడువేలు తెర మీద ఆనింది.

"నా డిజైన్ల ఫోల్డరేదీ?"

వెతికాను. లేదు. పిట్ట లేదు, తీగలు లేవు, స్కూలు బ్యాడ్జీలు లేవు. ఆ జాగా అంతా తుడిచి ముగ్గేసుకోమన్నట్టు ఉంది. ఇది నేను అనుకోలేదు. నా నోట్లో ఉన్న మంచి మాట అక్కడే ఆగిపోయింది.

నకలని చెప్పాను కదా. ఆవిడకి తెలుసు కదా. అయినా అత్తయ్య సంచీలోంచి ఫోన్ తీసింది. ఇంట్లో ఉన్న మా ఆయనకి చేసింది.

"ఒరే, దుకాణంలో కంప్యూటర్ పెట్టు. పిట్ట ఉందేమో చూడు."

మా ఆయన కంప్యూటర్ పెట్టడం, అది మేలుకోవడం, ఆయన దగ్గడం అన్నీ ఫోన్లో వినబడుతున్నాయి.

"ఉందమ్మా."

"రెండు రెక్కలూ ఉన్నాయా?"

"రెండూ ఉన్నాయి. ఏమైంది?"

"ఏం కాలేదు. కట్టెయ్" అని ఫోన్ సంచీలో పెట్టేసి, గడువుగారి వైపు చూసింది. "చూడు బాబూ. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది ఇదే."

అయిపోయింది అప్పటికే తన తెర ముందు వంగి ఉన్నాడు. కాసేపటికి తల ఎత్తాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"తప్పు నాదేనక్కా. ఇక్కడో టిక్ ఉంది, ఫోల్డర్ మొత్తం శుభ్రం చేయి అని. పాత చెత్త మిగలకూడదని నేనే పెట్టాను. డిజైన్లు అందులో దాచుకుంటారని అనుకోలేదు."

"పాత వెర్షన్లో సేవ్ నొక్కితే తెరుచుకునేదే ఆ ఫోల్డర్ కదయ్యా. ఎక్కడ తెరుచుకుంటే అక్కడ పెట్టాను. పెట్టకూడదా?" అంది అత్తయ్య.

ఆ సంగతి మాలో ఎవరికీ ఎందుకు తట్టలేదో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. మా టెస్ట్ మెషీన్లు ప్రతి పరీక్షకీ ముందు కొత్తగా పుడతాయి. ఒక్క బటన్ నొక్కితే మళ్ళీ పసిపాపలైపోతాయి. వాటిలో ఎవరూ బతకలేదు, పిట్టలు గీయలేదు, ఏదీ దాచుకోలేదు. అలాంటి చోట ఎంత శుభ్రం చేసినా పోయేదేముంటుంది?

"నాదీ ఒకటుంది. చూస్తారా?" అన్నాను.

కొత్త వెర్షన్‌కి నా పాత స్క్రిప్టుతోనే నేను కూడా ఒక సెటప్ కట్టి పెట్టుకున్నాను, మధ్యాహ్నం భోజనాల వేళల్లో. ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

"సరే, ఆ నకలు మీదే నడపండి" అన్నారు గడువుగారు.

"దాన్ని ముందు వెనక్కి తిప్పండక్కా. పాత స్థితికి" అన్నాడు అయిపోయింది.

కుదరదని ఒప్పుకున్నాను. నకలే కదా, పోతే పోతుందని దానికి వెనక్కి తిప్పే ఏర్పాటు పెట్టలేదు. డిస్కులోది నేరుగా తెరిచేశాను. ఉన్న ఒక్క నకలూ చెడింది.

"మీరా అక్కా? మీరు వెనక్కి దారి పెట్టుకోలేదా?" అన్నాడు వాడు. పోయిన నెత్తురు సగం మొహంలోకి తిరిగొచ్చింది. ఆ మాత్రం సంతోషం వాడికి దక్కాల్సిందే.

"మళ్ళీ నకలు తీసుకొస్తాను. రేపు చూద్దాం" అన్నాను.

"నకలు వద్దు" అంది అత్తయ్య, సంచీ భుజానికి తగిలించుకుంటూ. "నా దాని మీదే వెయ్యి. ఇప్పుడే."

"అత్తయ్యా, ముందు ఒక నకలు తీసి..."

"నీ క్యాన్సిల్ మీద నీకు నమ్మకం ఉందా లేదా?"

ఆవిడ నన్ను ఆటపట్టించడం లేదు. నిజంగానే అడుగుతోంది. నేను లేదంటే కొత్త మెషీన్ మీద దుప్పటి అలాగే ఉంటుంది, ఆవిడ నన్ను ఒక్క మాటా అనదు. ఉందని చెప్పి అది వమ్మైతే పిట్ట పోతుంది. మొదటినుంచి చివరిదాకా నా స్క్రిప్టుని మనసులోనే ఒకసారి నడిపించుకున్నాను. ప్రతి అడుగు కిందా దాని వెనకడుగు కనబడింది.

"ఉంది" అన్నాను.

అందరం కలిసి దుకాణానికి వెళ్ళాం. గడువుగారు దారపు రీళ్ళ గోడకి ఆనుకుని నిలబడ్డారు. అయిపోయింది బయట చెప్పులు విడిచి, తప్పు చేసినవాడిలా గుమ్మంలోనే నిలబడితే అత్తయ్యే "లోపలికి రావయ్యా, నువ్వు చూడకపోతే ఎలా?" అని పిలిచింది. మా ఆయనకి సంగతి అర్థమై, "అమ్మా, పంతాలకి పోకు" అన్నాడు. తల్లీ పెళ్ళామూ ఒకేసారి తన వైపు చూసేసరికి ఇంకేమీ అనలేదు. అత్తాకోడళ్ళు ఒక్క మాట మీదున్న ఇంట్లో మగవాడికి పని తక్కువ.

అత్తయ్య కూర్చుంది. నా సెటప్ నొక్కింది. నాదానిలో రంగుల్లేవు, నునుపు లేదు, బూడిదరంగు పెట్టె, నల్లటి అక్షరాలు. ఈసారీ ప్రతి పేజీ చదివింది. గీత కదిలింది. సగం దాటనిచ్చింది. ఇంకొంచెం పోనిచ్చింది. అప్పుడు నొక్కింది.

గీత ఆగింది. తర్వాత గీత వెనక్కి నడవడం మొదలుపెట్టింది. దాని కింద నేనెప్పుడో రాసి పెట్టిన వాక్యం కనబడింది. "వెనక్కి వెళ్తున్నాం. మీవన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి." ఆ వాక్యం రాసినప్పుడు దాన్ని ఎవరైనా చదువుతారని నేను అనుకోలేదు. అత్తయ్య పెదాలు కదుపుతూ చదివింది.

గీత వెనక్కి వెళ్ళీ వెళ్ళీ ఒకచోట నిలిచిపోయింది.

"ఆగిపోయిందమ్మా!" అన్నారు గడువుగారు.

"ఆగలేదండీ. తిరిగి పెట్టినవి సరిగ్గా ఉన్నాయో లేదో ఒక్కోటీ సరిచూస్తోంది. దానికి కాస్త టైం పడుతుంది."

"ఎంత గడువు?"

"ఎంత పడితే అంత."

అత్తయ్య నా మొహం వైపు చూసింది. నేను తెర వైపే చూస్తున్నాను. భయం లేదని చెప్పను, ఉంది. కానీ అది పరీక్ష బాగా రాసొచ్చినవాళ్ళకి ఫలితాల రోజున ఉండే భయం. గీత మళ్ళీ కదిలి, మొదటికి చేరి, మాయమైంది.

అత్తయ్య పాత ఐకాన్ నొక్కింది. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది. డిజైన్ల ఫోల్డర్ తెరిచింది. తీగలున్నాయి. స్కూలు బ్యాడ్జీలున్నాయి. పిట్ట ఉంది. ఎడమ రెక్కని పెద్దగా చేసి, దాని అంచు వెంబడి వేలితో తెర మీద ఒకసారి రాసింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆవిడ మళ్ళీ సెటప్ నొక్కింది. ఈసారి ఒక్క పేజీ కూడా చదవలేదు. నెక్స్ట్, నెక్స్ట్. గీత సగానికి వచ్చేసరికి, అది పూర్తయ్యేదాకా కూడా ఆగకుండా, లేచి వెళ్ళి మెషీన్ మీద దుప్పటి లాగేసింది. మడతపెట్టి మా ఆయన చేతిలో పెట్టింది. వెనక నుంచి నేనే ఫినిష్ నొక్కాల్సి వచ్చింది.

ఆ సాయంత్రమే వెర్షన్ బయటికి పంపాలన్న గడువుని గడువుగారే స్వయంగా జరిపారు. అది మా ఆఫీసు చరిత్రలో రాయదగ్గ సంగతి. కొత్త పనిముట్టుని పారేయలేదు, నేనూ పారేయమనలేదు. అందులో పాతదాన్ని ఎప్పుడు తీయాలో మార్చుకునే చోటు ఉంది, లోపలి పేజీల్లో ఎక్కడో దాక్కుని. ఆ టిక్ తీసేసే చోటు ఎలాగూ ఉంది. అయిపోయింది తన కుర్చీ లాక్కుని ప్రింటర్ పక్కకి వచ్చేశాడు. నా స్క్రిప్టు ఒక్కో అడుగే చదివి వాడికి చెబుతున్నాను, వాడు తన దాంట్లో వెనకడుగు ముందు పెట్టి, తర్వాత అడుగు పెడుతున్నాడు. నాకు జ్వరమొచ్చినా ఇక బెంగ లేదు. నిన్న ఎవరో వాడిని పని ఎంతవరకు వచ్చిందని అడిగితే, "ఇంకా అవ్వలేదు" అన్నాడు. ఆఫీసంతా తలెత్తి చూసింది. వాడికి కొత్త పేరు వెతకాలి.

ఆ రోజు వాళ్ళంతా వెళ్ళాక నేను వంటింట్లో పనిలో పడ్డాను. ముందు గదిలోంచి కొత్త మెషీన్ చప్పుడు వస్తూనే ఉంది. పాతదానిలా గరగర లేదు, వాన పడుతున్నట్టు ఉంది. మొదట ఏం కుడుతోందో చూద్దామని రెండుసార్లు తొంగి చూస్తే, "నీ పని చూసుకో" అని కసిరింది. ఏ పెద్ద ఆర్డరో అయ్యుంటుందనుకున్నాను.

పడుకోబోయే ముందు మంచం దుప్పటి సర్దుతుంటే కింద ఏదో కొత్తగా కనబడింది. వంగి చూశాను. నా సూట్‌కేసుకి గళ్ళ గుడ్డతో తొడుగు ఉంది. కొలత పెట్టి కుట్టినట్టు మూలమూలకీ సరిపోయింది. పిడి బయటికి రావడానికి చోటు వదిలింది, చక్కగా అంచు కుట్టి. మూత మీద పిట్ట, ఎడమ రెక్క పెద్దగా.

తొడుగు వేసేది దాచిపెట్టే సామానుకే కదా. ఇన్నేళ్ళయింది, ఇక దీన్ని అటక ఎక్కించేద్దామనుకుంటోందేమో. అనుకున్నా తప్పులేదు. అయినా ఎందుకో దిగులేసింది. తొడుగు వైపు చూస్తూ అలాగే నేల మీద కూర్చుండిపోయాను.

అత్తయ్య గుమ్మం దగ్గరికి వచ్చింది.

"బాగుందా?"

"చాలా బాగుంది అత్తయ్యా. పైన పెట్టెయ్యడానికా?"

"పైనెందుకు?" అంది, నేనేదో తిక్క ప్రశ్న వేసినట్టు. "మంచం కింద దుమ్ము పడుతోందని కుట్టాను. అది అక్కడే ఉంటుంది."